షేఖా ఘరీబాకు ఇరవైకి ఎంత?

తలుపు మీద చేతికర్రతో కొట్టేది మా కుటుంబంలో ఒక్కడే. మా అన్న, హాజ్ జిలాలీ.

రికార్డు మీద ముల్లు ఆనించబోతున్న మా ఆయన బెనౌదా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నా వంక చూశాడు. నేను తలుపు వంక చూశాను.

"తెలిసిపోయిందే మెబార్కా," అన్నాడు గొంతు తగ్గించి.

"రేడియోవాళ్లకి ఫోన్ చేసి మరీ చాటావు. ఒరాన్ ఊరు మొత్తం విన్నది. ఆయనొక్కడికీ చెవుడా?"

"రికార్డు మా ఇంట్లో ఉందన్నానంతే. పాడింది ఎవరో చెప్పానా?"

"అంత ధైర్యం నీకెక్కడిదిలే!"

కర్ర మళ్లీ మోగింది.

ఆయన దేనికోసం వచ్చాడో అది రికార్డుల దొంతరలో కింది నుంచి మూడోది. దాచడానికి సమయం ఉంది. మంచం కింద, దుప్పట్ల మడతల్లో, ఎక్కడైనా సరే. నా చెయ్యి అటు వెళ్లింది కూడా. సగంలో వెనక్కి తీసుకున్నాను. డెబ్భై ఏళ్లొచ్చాయి. ఇంకా ఎన్నాళ్లు మంచం కింద దాక్కుంటాను?

వెళ్లి తలుపు తీశాను.

అన్న తెల్ల జుబ్బా అంచు తడిసి ఉంది. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో నీళ్లోడుతున్న గొడుగు. సలాం చెప్పాడు, గుమ్మంలో చెప్పులు విడిచాడు, గదిలోకి వచ్చి నేల మీద పరిచిన రికార్డుల మధ్య నిలబడ్డాడు.

"ఏది?" అన్నాడు.

"కూర్చో అన్నా. టీ తాగు. సెనగపిండి కరంతీకా ఇంకా వేడిగానే ఉంది."

"నేను తినడానికి రాలేదు. ఏది నీది?"

కథ ఇక్కడి నుంచి ఎటు వెళ్లినా ముందు ఆ రికార్డు సంగతి చెప్పాలి.

మా అన్న సముద్రం దాటి ఫ్రాన్సులో మార్సే రేవులో బస్తాలు మోయడానికి వెళ్లిన ఏడాది నాకు ఇరవై. అప్పటికే పెళ్లిళ్లలో ఆడవాళ్ల గదిలో పాడేదాన్ని. నా గొంతు ఎవరో రికార్డుల దుకాణం ఆయన చెవిన వేశారు. ఒక మధ్యాహ్నం రెల్లు వేణువు ఊదే ఇద్దరిని, డోలు వాయించే ఒకడిని, ఒక చాటింపువాడిని పిలిపించి నాతో రెండు పాటలు పాడించాడు. చాటింపువాడు లేకుండా మా పాట లేదు. పాట మధ్యలో వేణువు ఆపించి, ఇది ఫలానా వాడికోసం, ఫలానా వీధివాళ్లకోసం, పాడుతున్నది ఫలానా షేఖా అని ఎలుగెత్తి అరిచేవాడే చాటింపువాడు. ఆ రోజు అరిచినవాడు బెనౌదా. ఆ అరుపు వినే నేను వాణ్ణి చేసుకున్నాను.

పాడే ఆడదాన్ని షేఖా అంటాం. షేఖా అసలు పేరు రికార్డు మీద వెయ్యరు. మొహం అసలే వెయ్యరు. వేస్తే ఇంట్లో మగాళ్లు బతకనివ్వరు. దుకాణంవాళ్ల దగ్గర పాత పత్రికల నుంచి కత్తిరించిన బొమ్మలు ఉండేవి, ఏ సబ్బు ప్రకటనలోని దొరసానినో అట్ట మీద అతికించేవారు. నాకు దక్కింది పసుపుపచ్చ జుట్టు పిల్ల ఒకతె, చేతిలో టెలిఫోను. పేరు షేఖా ఘరీబా. ఎవరికీ ఏమీ కాని పరాయిది అని అర్థం.

అన్న తిరిగొచ్చాక ఎవరో ఊదారు, నీ చెల్లెలు రికార్డుకెక్కిందిరా అని. ఏ పేరుతోనో వాళ్లకూ తెలియదు. అన్న నన్ను గోడకి ఆనించి నిలబెట్టి అడిగాడు. నిజమైతే నాలుక కోస్తానన్నాడు. కాదన్నాను. ఆ తర్వాత మళ్లీ పాడలేదు. బెనౌదా చాటింపు మానేసి బస్సు కండక్టరయ్యాడు. రికార్డు మాత్రం ఇంట్లోనే ఉంది, మిగతా వాటితో పాటు. పాట పాపమని తుపాకులు పట్టినవాళ్లు పాటగాళ్లని నడివీధిలో కాల్చి చంపిన పాడు సంవత్సరాల్లో వంటింటి నీళ్ల ట్యాంకు ఎండగట్టి అందులో దాచాం. ఒరాన్‌లో నీళ్లకి అంత కటకట ఉండగా ట్యాంకు ఖాళీ చేసుకున్నవాళ్లు మేమొక్కళ్లమే అయ్యుంటాం. కింద నుంచి క్యాన్లతో మోసుకొచ్చి స్నానాలు చేశాం.

రెండు వారాల కిందట రేడియోలో నబీలా అనే అమ్మాయి ఒక అరిగిపోయిన క్యాసెట్ వినిపించింది. "ఈ షేఖా ఘరీబా ఎవరు? ఎవరికైనా తెలుసా?" అని అడిగింది. బెనౌదా ఫోనెత్తాడు. రికార్డు మా దగ్గరుందని చెప్పాడు. రేపు పొద్దున్నే ఆ అమ్మాయి మా ఇంటికి వస్తోంది.

అన్నకి ఇది నోటినోటా మారి చేరింది. ఏ పేరో ఏ పాటో ఎవరూ చెప్పలేదు, చెల్లెలి పాత రికార్డు కోసం రేడియోవాళ్లు వస్తున్నారని మాత్రం చెప్పారు.

"గురువారం వఫా పెళ్లి," అన్నాడు అన్న, నిలబడే. వఫా ఆయన మనవరాలు. "ఎవరింటికి కోడలుగా పోతోందో తెలుసుగా? త్లెమ్సెన్‌లో పెద్ద ఇల్లు. వాళ్ల తాత దర్బారు పాటలకి పేరుమోసినవాడు. వాళ్ల ముందు రేడియోలో, హాజ్ జిలాలీ చెల్లెలు తాగుబోతుల మధ్య పాడిందహో అని వస్తే?"

"తాగుబోతులు లేరు బావా," అన్నాడు బెనౌదా. "డోలు వాయించేవాడికి ఒక్కడికే అలవాటు ఉండేది. వాడూ ఆ రోజు తాగలేదు, జలుబు."

"నువ్వు మాట్లాడకు. చాటింపులేసుకునే వాడికి చెల్లెల్ని ఇచ్చాను చూడు, నాదీ తప్పు." నా వైపు తిరిగాడు. "వఫాకి గోరింటాకు పెట్టే చెయ్యి నీదే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆ పిల్ల కూడా నువ్వే కావాలంది. ఆ రికార్డు ఇవ్వు. ఇక్కడే విరిచేస్తాను. గురువారం వచ్చి గోరింటాకు పెట్టు. ఇవ్వనన్నావా, నీకు నా గుమ్మం లేదు. పెళ్లికీ రావద్దు, చావుకీ రావద్దు."

వఫా పుట్టినప్పుడు తొలి స్నానం చేయించింది నేను. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో అన్నకి తెలుసు.

"సరే," అన్నాను.

బెనౌదా నోరు తెరిచాడు. కళ్లతోనే మూయించాను.

"సరే అన్నా. కానీ ఈ రోజు మా ఇంట్లో పరీక్షల రోజు. వేసవి అయ్యాక తొలివాన పడి గాల్లో దుమ్ము అణిగిందంటే, ఉన్న రికార్డులన్నీ బయటికి తీసి ఒక్కొక్కటీ విని మార్కులేస్తాం. ఇరవైకి ఇన్నని. ఒకసారి వేసిన మార్కు వేసిందే, వెనక్కి తీసుకోవడం లేదు. అందరిలోకీ తక్కువ వచ్చింది ఇల్లు వదిలి పోతుంది. మగాళ్లవి అయిపోయాయి. షేఖాలవి మిగిలాయి. కూర్చో. నువ్వూ మార్కులెయ్యి. నా గొంతు ఏదో పోల్చుకో. దానికి సున్నా వెయ్యి. అదే పోతుంది. పట్టుకెళ్లి విరుచుకుంటావో పాతిపెట్టుకుంటావో నీ ఇష్టం."

"ఇదేం ఆట?"

"నాలుక కోస్తానన్నావుగా. ఆ నాలుకేదో గుర్తుపట్టలేవా?"

ఆయన కూర్చున్నాడు. పంతం మా ఇంటి రక్తంలోనే ఉంది.

టీ పోశాను. అన్న దొంతరని కర్ర మొనతో కదిపి, పై నుంచి రెండోది చూసి ఉలిక్కిపడ్డాడు. అట్ట మీద ఈతబట్టల్లో ఒక తెల్లపిల్ల, వీపు మొత్తం ఇటే.

"అస్తగ్‌ఫిరుల్లా! ఇదే. ఇంకేం వినేది?"

"ఆ వీపు నాదంటావా అన్నా?"

బెనౌదా టీ గ్లాసులో దగ్గాడు.

"వినాలి బావా, రూలు," అంటూ రికార్డు తీసి పెట్టాడు. ముల్లు గరగరమంది. తర్వాత ఒక ముసలి విధవ గొంతు, వణుకుతూ, మా ఊరిని కాచే వలీ సిదీ ఎల్ హూరీ సమాధి తలుపు దగ్గర నిలబడి మొర పెట్టుకోవడం. ప్రవక్త పేరు వచ్చినప్పుడల్లా అన్న పెదవులు వాటంతటవే దీవెన గొణిగాయి. పాట అయ్యేసరికి ఆయన చూపు అట్ట మీద పడకుండా కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"మార్కు?" అన్నాను.

"...పదిహేను."

"వీపుకి ఏమీ కోయలేదా?" అన్నాడు బెనౌదా.

"నోర్ముయ్ బెనౌదా!"

అట్టలు చూసి లాభం లేదని ఆయనకి అప్పుడర్థమైంది. ఇక కళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టాడు. ఒకటి విన్నాడు, తల అడ్డంగా ఊపి తొమ్మిదన్నాడు. మరొకటి, పదకొండు. బెనౌదా పదమూడంటే నేను పన్నెండన్నాను. కాసేపటికి మా అన్న వచ్చిన పని మరిచి మాతో దెబ్బలాటకి దిగాడు. "ఈ వేణువుకి పన్నెండా? వీడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో కనిపెట్టగలవా నువ్వు?" అని బెనౌదా మీద లేచాడు. కరంతీకా ముక్క ఒకటి తనే తీసుకుని జీలకర్ర చల్లుకున్నాడు.

దొంతర తగ్గుతోంది.

కింది నుంచి నాలుగోది షేఖా ఖుదౌజా. సన్నటి, కీచుమనే గొంతు. రెండుసార్లు తాళం తప్పుతుంది. మూడోసారి తప్పబోయి నవ్వేస్తుంది, ఆ నవ్వు కూడా రికార్డులోకి ఎక్కింది. ఆవిడెవరో, ఏ ఊరో, ఎవరికీ తెలియదు. మా దగ్గరున్న వాటిలో అంత హీనమైన పాట మరోటి లేదు. ఏటా మేం దానికి ఏడూ ఎనిమిదీ వేసి ఎలాగో బతికిస్తాం, ఆ నవ్వు కోసం.

అన్న కళ్లు తెరిచాడు. ముందుకు వంగాడు.

"ఇదే."

బెనౌదా ముల్లు ఎత్తాడు.

"ఇదే నీ గొంతు. చిన్నప్పుడు బావి దగ్గర ఇలాగే కీచుకీచుమని పాడేదానివి. తాళం అప్పుడూ లేదు. సున్నా!"

యాభై ఏళ్లు నేను భయపడ్డ మనిషిని ఆ క్షణంలో తన్నాలనిపించింది. నాకు తాళం లేదా? కానీ బెనౌదా మోకాలితో నా మోకాలిని నొక్కాడు. ఆ నొక్కుకి అర్థం నాకు తెలుసు. ఊరుకో. గట్టెక్కాం. ఆ రికార్డు తీసుకుని పోతాడు. నీది మిగిలిపోతుంది. గురువారం గోరింటాకు పెడతావు.

అన్న లేవబోయాడు.

"ఇంకో మూడున్నాయి," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. "అన్నీ అయ్యాకే లెక్క."

బెనౌదా నన్ను చూసిన చూపుకి పాలు విరిగిపోతాయి. అయినా మూడోది తీశాడు. పచ్చజుట్టు పిల్ల, చేతిలో టెలిఫోను. ముల్లు ఆనింది.

ముందు వేణువులు. తర్వాత డోలు, కింద నుంచి, కడుపులోంచి వచ్చినట్టు. ఆ తర్వాత ఆ గొంతు. బొంగురు, బరువు. ఇరవై ఏళ్ల పిల్లది అంటే ఎవరూ నమ్మరు. రేవులో దీపం ఆర్పకండి, నావ ఇంకా రాలేదు, అంటుంది. అంతే పాట. ఆ ఒక్క మాటనే తిప్పితిప్పి అంటుంది, ప్రతిసారీ కొత్తగా తలుపు తడుతున్నట్టు.

అన్న చేతిలోని టీ గ్లాసు పళ్లెంలో పెట్టేశాడు.

"ఇది మీ దగ్గరుందా!" అన్నాడు. గొంతు మారిపోయింది. "మార్సేలో రేవు వెనకాల ఒక కాఫీ దుకాణం ఉండేది. మన మాస్కరా ఊరివాడు ఒకడు నడిపేవాడు. శనివారం పనయ్యాక మేమంతా అక్కడే. ఈ రికార్డు పెట్టేవాడు. ఇదొక్కటే, ఈ పక్కే. రెండో పక్క తిప్పితే వద్దురా, దీన్నే మళ్లీ పెట్టు అనేవాళ్లం. మొహాలు గోడకి తిప్పుకుని ఏడ్చేవాళ్లం, ఒకడిది ఒకడికి కనపడకుండా." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఈ పాటలో ఆవిడ రమ్మంటే నేను తిరిగొచ్చాను. లేకపోతే అక్కడే ఉండిపోయేవాణ్ణి."

పాట అయిపోయింది. ముల్లు చివరి గాడిలో తిరుగుతోంది.

"మార్కెయ్ బావా," అన్నాడు బెనౌదా. ఆయన గొంతూ మారింది.

"పంతొమ్మిది. ఇరవై అల్లాకే. పోయుంటుంది పాపం ఆవిడ, అల్లా కరుణించాలి."

నేను పద్దెనిమిదన్నాను. ఏటా అంతే వేసుకుంటాను, సొంత డప్పు అనిపించుకోవడం ఇష్టం లేక. బెనౌదా వంతు వచ్చింది.

"పన్నెండు," అన్నాడు.

"పన్నెండా!" అన్న కర్ర నేలకేసి కొట్టాడు. "నీకు చెవులున్నాయా? బస్సు హారన్లు విని విని పోయాయా?"

"నేనూ ఎప్పటి నుంచో అదే అడుగుతున్నాను అన్నా. ఏటా పన్నెండే వేస్తాడు. ఎనిమిది ఎందుకు కోస్తావయ్యా అంటే నోరు విప్పడు."

బెనౌదా ఆ రికార్డుని అట్టలోకి తోశాడు. మిగతా రెండూ పెట్టాడు. వాటిని ఎవరం వినలేదు.

లెక్క తేలింది. అందరిలోకీ తక్కువ షేఖా ఖుదౌజా. అన్న దాన్ని అట్టలోంచి లాగాడు. రెండు చేతుల్తో అంచులు పట్టుకుని మోకాలి మీద పెట్టి వంచాడు.

అది విరగలేదు.

పాతకాలపు లక్క రికార్డులైతే పెళుక్కుమనేవి. ఇది ప్లాస్టిక్కు. వంగింది, మళ్లీ తిన్నగా లేచింది. అన్న పళ్లు బిగించి ఇంకా గట్టిగా వంచాడు. విల్లులా వంగింది. చెయ్యి జారగానే టప్పున లేచి ఆయన గడ్డం మీద కొట్టింది.

ఆ నల్లటి పళ్లెంలోపల ఎక్కడో ఒక ఆడది తాళం తప్పి నవ్వుతోంది. ఆమెకీ ఒక అన్న ఉండి ఉంటాడు. ఆమె కూడా ఎక్కడో ఒక గోడకి ఆనుకుని, నేను కాదు, నేను పాడలేదు అని ఉంటుంది. ఇప్పుడు నా బదులు ఆమె విరగాలి. నేను వెళ్లి గోరింటాకు పెట్టాలి.

"దాన్ని వదులు," అన్నాను.

"ఏంటి?"

"ఆ రికార్డు కింద పెట్టు అన్నా. అది నాది కాదు."

"మెబార్కా..." అన్నాడు బెనౌదా.

"నువ్వు ఊరుకో. ఇందాకటి ఘరీబా మళ్లీ పెట్టు. ఈసారి రెండో పక్క."

బెనౌదా కదల్లేదు. నేనే లేచాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. రికార్డు తిరగేసి ముల్లు పెట్టాను. అన్న ఇంకా ఖుదౌజాని మోకాలి మీదే పట్టుకుని ఉన్నాడు, వంచాలో వద్దో తెలియనట్టు.

రెండో పాట సగం దాకా నడిచింది. అప్పుడు వేణువు ఆగింది. ఒక కుర్ర గొంతు, సంతలో గొర్రెల మందని ఆపగలిగేంత గొంతు, విరుచుకుపడింది.

"ఆపండి వేణువు! ఆపండి డోలు! ఈ పాట నీళ్లకి అవతల ఉన్నవాడికి! మార్సే రేవులో బస్తాల కింద నడుం వంచిన జిలాలీకి! నీ తల్లి తలుపు గడియ వెయ్యకుండా పడుకుంటోంది జిలాలీ! నీ కంచం బోర్లించలేదు జిలాలీ! పాడుతున్నది ఎవరు? షేఖా ఘరీబా!"

వేణువు మళ్లీ అందుకుంది.

అన్న మొహంలో రంగు లేదు. బెనౌదా వైపు చూశాడు. ఆ అరుపు ఎవరిదో ఆయనకి చెప్పనక్కర్లేదు, ఎనిమిదో నంబరు బస్సెక్కిన ఎవరికైనా తెలుసు. తర్వాత నా వైపు చూశాడు.

"కంచం..." అన్నాడు.

"బోర్లించలేదు. నువ్వొచ్చేదాకా మూడు పూటలా నీ కంచం కడిగి వెల్లకిలా పెట్టేది అమ్మ. ఈ రికార్డు చేసిన రోజు ఆ గదిలో గుమ్మం పక్కన తెల్ల ముసుగు కప్పుకుని కూర్చున్నది కూడా అమ్మే. ఏం అరవాలో వీడి చెవిలో చెప్పింది అమ్మే. పిల్ల పేరు చెప్పొద్దు, మా పెద్దాడికి కోపం అంది. అందుకని ఘరీబానయ్యాను. నువ్వు గోడకి తిరిగి ఏడ్చింది నా పాటకి అన్నా. కాదని చెప్పు."

పాట అయిపోయింది. ముల్లు నేనే ఎత్తాను.

అన్న ఖుదౌజాని మెల్లగా అట్టలో పెట్టాడు. లేచాడు. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, నా తల మీద చెయ్యి వేస్తాడనుకున్నాను.

"ఇప్పుడు ఇంకా విరవాలి," అన్నాడు. "తెలిశాక ఇంకా. త్లెమ్సెన్ వాళ్లకి ఇదంతా ఎలా చెప్పేది? ఇలా ఇవ్వు."

నేను ఘరీబాని గుండెకి ఆనించుకున్నాను.

"పంతొమ్మిదేశావు."

"తెలియక వేశాను!"

"తెలియక వేసిందే నిజం మార్కు. వేసిన మార్కు వేసిందే. వెనక్కి లేదు. ఎవరి పరువు కోసం అన్నా? నీ పరువా? నిన్ను ఇంటికి పిలిచిన గొంతు ఇది. త్లెమ్సెన్ వాళ్లు నువ్వు కూర్చున్న చోటే కూర్చుని వినమను. పంతొమ్మిదికి తక్కువ వేస్తే అప్పుడు మాట్లాడదాం."

"రేపు ఆ రేడియో పిల్ల వస్తే?"

"నా పేరు చెబుతాను. మా నాన్న పేరు చెబుతాను. ఏ వీధో చెబుతాను."

"గోరింటాకు?"

"గురువారం వస్తాను. గుమ్మంలో నిలబడతాను. వఫా రమ్మంటే లోపలికి వస్తాను. వద్దంటే అక్కడే గుమ్మంలో పాడి వెళ్తాను. నన్ను ఆపడానికి నువ్వు ఆ కర్రతో పాటు ఇంకో నలుగుర్ని పిలుచుకో, ఒక్కడివి చాలవు."

"నీకు పిచ్చి పట్టింది."

"యాభై ఏళ్ల కిందటే పట్టాల్సింది."

అన్న చెప్పులేసుకున్నాడు. గొడుగు తీసుకున్నాడు. మెట్లు దిగుతున్న కర్ర చప్పుడు ఒక్కో అంతస్తూ కిందికి పోతోంది.

అప్పటిదాకా రాయిలా కూర్చున్న మా ఆయన లేచాడు. బాల్కనీ తలుపు తోశాడు. వాన వెలిసింది. ఎదురు మేడల మీద ఆడవాళ్లు తడిసిన బట్టలు పిండి మళ్లీ తీగలకెత్తుతున్నారు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఎనిమిది మార్కులు బాకీ," అన్నాడు. "నీకు కోసినవి కావవి. నాకు కోసుకున్నవి. పాడుతున్నది ఎవరని నేనే అడిగి, నేనే అబద్ధం అరిచాను. మీ అమ్మ చెప్పమంది, సరే. ఆవిడ పోయాకైనా సరిచెయ్యొద్దూ? నువ్వన్నావు చూడు ఇందాక, ధైర్యం ఎక్కడిదని. ఏటా ఆ రికార్డు పెట్టినప్పుడల్లా నాకు నేను అదే అనుకుంటాను."

చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. చాటింపువాళ్లంతా అలాగే పెట్టుకుంటారు. డెబ్భై నాలుగేళ్ల ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"ఆపండి!"

పావురాలు లేచిపోయాయి. ఎదురు బాల్కనీలో హూరియా చేతిలోంచి దుప్పటి జారి కింద వీధిలో పడింది.

"ఆపండి బట్టలు ఆరెయ్యడం! ఆపండి హారన్లు! సిదీ ఎల్ హూరీ వాడవాళ్లారా వినండి! షేఖా ఘరీబా ఎవరని అడుగుతున్నారట! పరాయిది కాదు! ఈ మెట్ల మీద మీతో నీళ్ల క్యాన్లు మోసినది! మీ పిల్లలకి తొలి స్నానాలు పోసినది! తయ్యబ్ కూతురు మెబార్కా! హాజ్ జిలాలీ చెల్లెలు మెబార్కా! ఈ బెనౌదా పెళ్లాం మెబార్కా! పాడింది ఎవరు? మెబార్కా!"

చివరి మాట దగ్గర గొంతు చీలి దగ్గు కిందకి మారింది. తర్వాత హూరియా నాలుక ఆడించి యూయూయూ అని పెళ్లిళ్లలో పెట్టే సంబరపు కూత పెట్టింది. పై అంతస్తు నుంచి ఇంకొకటి. మూలమీది మేడ నుంచి ఇంకొకటి. వీధి పొడుగునా అంటుకుంది.

"దొంగదానా!" అని అరిచింది హూరియా. "నా ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లకీ వచ్చి తిని పోయావు! ఒక్కసారి నోరు తెరిచావా?"

"గురువారం తెరుస్తాను! వచ్చి విను!" అని అరిచాను తిరిగి.

వంగి చూశాను. కింద, వీధి మధ్యలో, అన్న నిలబడి ఉన్నాడు. చాటింపులో తన పేరు వచ్చిన మనిషి చాటింపు ముగిసేదాకా కదలకూడదు. మా వాళ్లలో ఎంతటివాడైనా అంతే. ఆయన కదల్లేదు. తల పైకి ఎత్తలేదు కూడా. అంతా అయ్యాక, చుక్క వాన లేకపోయినా, గొడుగు విప్పి నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.

రేపు వఫా ఫోన్ చేసి గోరింటాకు పెట్టడానికి రమ్మంటుందో లేదో నాకు తెలియదు. రికార్డు అట్టలో పెట్టబోయి ఆగాను. వంటింట్లో సరుకుల చీటీ రాసే నల్ల పెన్ను తెచ్చి, టెలిఫోను పట్టుకున్న పచ్చజుట్టు పిల్ల నుదుటి మీంచి గడ్డం దాకా నా పేరు రాశాను. పెద్ద అక్షరాలతో.

బెనౌదా గోడ పట్టుకుని ఇంకా దగ్గుతున్నాడు.

"నాకెంత వేస్తావు ఇప్పుడు?" అన్నాను.

"ఇరవై," అన్నాడు కీచు గొంతుతో. "నాకో?"

"చివర్లో గొంతు చీలింది." మంచినీళ్లు చేతికిచ్చాను. "పదిహేడు. గురువారం లోగా బాగుచేసుకో. గుమ్మంలో నా పక్కన నువ్వే అరవాలి."